కాలువ కట్టేసిన నెలలు

మా ఊరి రచ్చబండ పక్కన నేరేడు చెట్టుకు ఒక రైలుపట్టా ముక్క వేలాడుతుండేది. మూరెడు పొడవు, ఒక చివర బెజ్జం, ఒళ్ళంతా తుప్పు. రైలు మొహం చూడని ఊరికి పట్టా ఎలా వచ్చిందంటే, కాకినాడ–కోటిపల్లి లైను పట్టాలను రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పీకి పట్టుకుపోయారు కదా, అప్పుడు జారిపడిన ముక్క ఇది అనేవారు పెద్దవాళ్ళు. నేను నమ్మలేదు, కాదనీ అనలేదు. ఇప్పటికీ మా ఊరికి రైలు లేదు. ఆ ముక్క మీద ఇనుప గూటంతో మూడు దెబ్బలు, కాస్త ఆగి మళ్ళీ మూడు దెబ్బలు కొట్టారంటే ఎక్కడో ఇల్లు అంటుకుందని అర్థం. అన్నం ముందు కూర్చున్నవాడు చెయ్యి కడుక్కోకుండా లేచేవాడు. నేనూ అలా చాలాసార్లు లేచాను. మా అమ్మ కంచం మీద ఇంకో కంచం బోర్లించి పెట్టేది.

మేము పదకొండు మందిమి. ఒక టైలరు, ఇద్దరు కొబ్బరి దింపు కార్మికులు, ఒక కల్లుగీత అన్న, సైకిలు షాపు బాబాయి, హైస్కూలు డ్రిల్లు మాస్టారు, ఆయిలింజన్లు బాగుచేసే మామయ్య, మిగిలినవాళ్ళం డిగ్రీ అయిపోయి ఉద్యోగం రాని కుర్రాళ్ళం. ఫైరింజను పట్టణం నుంచి రావాలి. కాలువ గట్టు మీద రోడ్డు, ఎదురుగా ఎడ్లబండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి తగ్గాలి. వాళ్ళు ఎంత తొందరగా బయలుదేరినా వచ్చేసరికి ముప్పావు గంట. తాటాకిల్లు కాలడానికి పావుగంట చాలు.

ఈ పని మేము నెత్తికెత్తుకోవడానికి కారణం పాశర్లపూడి మంట. 1995 జనవరి 8న అక్కడ చమురు, గ్యాసు కోసం తవ్వుతున్న బావిలోంచి గ్యాసు తన్నుకొచ్చి అంటుకుంది. 65 రోజులు మండింది. రాత్రిళ్ళు పడమటి ఆకాశం కుంకుమ పూసినట్లు ఉండేది, కోళ్ళు వేళ తప్పి కూసేవి. అమెరికా నుంచి నిపుణులు వచ్చారు, మార్చి 15కి ఆగింది. ఆ రెండు నెలలూ మా టీ కొట్టులో వేరే మాట లేదు. "అంత మంటకు అమెరికా వాడు వచ్చాడు, మన పేటలో పాకకు ఎవడు వస్తాడు?" అన్నాడు టైలరు, ఎవరినీ ప్రత్యేకంగా ఉద్దేశించకుండా. ఆ మాట డ్రిల్లు మాస్టారికి తగిలింది. సంక్రాంతి నాటకానికి వసూలు చేసిన చందాల్లో కొంత మిగిలింది. దానికి ఇంకాస్త చేర్చి, వాడేసిన అయిదు గుర్రాల డీజిల్ ఇంజను ఒకటి కొన్నాము. దాన్ని రెండు చక్రాల తోపుడు బండికి బిగించాము. ఆ ఏడు నాటకం ఆడలేదు. హార్మోనియం వాయించే ఆయన రెండేళ్ళ పాటు మాతో మాట్లాడలేదు.

ఇంజను గురించి చెప్పుకోవాలి. పొలానికి నీళ్ళు తోడడానికి పుట్టిన ఇంజను అది, నిప్పు మీదకు పోవడం దానికి ఇష్టం లేదు. నీళ్ళు ధారాళంగా పోస్తుంది గాని, దూరం కొట్టదు. మామయ్య కంచు పని చేసే అతని దగ్గర గొట్టానికి సన్నని మూతి చేయించాడు. అప్పటి నుంచి చూరు దాకా అందేది, కొప్పు దాకా మాత్రం అందేది కాదు. పైపు అడుగున నీళ్ళు వెనక్కి జారకుండా ఆపే ఫుట్‌వాల్వు ఎప్పుడూ కారుతుండేది. పైపులో గాలి చేరితే నీళ్ళు లాగదు. అందుకని పంపు మూతి తెరిచి బకెట్టుతో పేడనీళ్ళు పోయాలి. పేడ వెళ్ళి కారుతున్న చోట పట్టుకుని కాసేపు మూస్తుంది. ఆ పేడనీళ్ళ బాధ్యత నాది. ఊళ్ళో ఇళ్ళు కాలుతుంటే నేను బకెట్టు పట్టుకుని గేదెల చావిళ్ళ వెంట పరుగెత్తేవాణ్ణి. బి.కాం. చదివించింది ఇందుకా అని మా నాన్న ఒక్కసారి అన్నారు, అంతే.

ఇంజను కన్నా అసలు ఆయుధం కొక్కెం. పద్దెనిమిది అడుగుల గట్టి వెదురుకు చివర ఇనుప వంకె. కొప్పుకు తగిలించి నలుగురు ఒక్కసారి లాగితే తాటాకు పొరలు పొరలుగా ఊడి వస్తుంది. నీళ్ళతో మంట ఆర్పడం చాలామంది చూస్తారు, చప్పట్లు కొడతారు. కొక్కెం పని ఎవరూ మెచ్చరు. అది కాలుతున్న ఇంటి మీద వేసేది కాదు, గాలివాలున కాలబోయే ఇంటి మీద వేసేది.

ఇప్పుడు చెప్పబోయేది 1996 ఉగాది నుంచి మరుసటి ఉగాది దాకా, అంటే ధాత నామ సంవత్సరం సంగతి.

ఏప్రిల్ 14న అగ్నిమాపక వారోత్సవాలు మొదలవుతాయి. 1944లో అదే రోజున బొంబాయి రేవులో ఓడ పేలి, ఆర్పడానికి వెళ్ళిన అగ్నిమాపక సిబ్బంది 66 మంది పోయారు. వాళ్ళ జ్ఞాపకార్థం ఆ వారం జరుపుతారు. ఆ ఏడు పట్టణం నుంచి ఒక పెద్దాయన ఖాకీ బట్టల్లో మా హైస్కూలుకు వచ్చి, గోనె సంచి తడిపి నూనె మంట మీద ఎలా కప్పాలో, బట్టలు అంటుకున్నవాడు పరుగెత్తకుండా నేల మీద ఎలా దొర్లాలో చూపించారు. చివర్లో మా పదకొండు మందినీ పక్కకు పిలిచి, "మీరు మంట వైపు చూస్తున్నారు. చూడాల్సింది కొబ్బరి మట్టల వైపు. అవి ఎటు ఊగితే మీ పని అటు" అన్నారు. అంతకు మించిన పాఠం నాకు డిగ్రీలో ఎవరూ చెప్పలేదు.

ఇక కాలువ. చుట్టూ గోదావరి పాయలు, ఊరి నడుమ కాలువ, ఇంటింటికీ బోదె, అంటే పిల్లకాలువ. ఇంత నీటిలో నిప్పు ఎలా బతుకుతుందని బయటివాళ్ళు అడుగుతారు. దాళ్వా, అంటే రెండో పంట, కోతలు అయ్యాక మరమ్మతుల కోసం ధవళేశ్వరం దగ్గర కాలువలు కట్టేస్తారు, మళ్ళీ జూన్‌లోనే వదలడం. సరిగ్గా ఆ నెలల్లోనే తాటాకు కాగితంలా ఎండి ఉంటుంది, ఆ నెలల్లోనే పడమటి వడగాలి వీస్తుంది. మా ఊరి ఇళ్ళు ఎప్పుడు కాలినా కాలువలో పిల్లలు గోళీలు ఆడుకునే రోజుల్లోనే కాలాయి. లాకు దగ్గర నీళ్ళు వదిలే లస్కరును ఎంత బతిమాలినా ఏం లాభం, పైన లేని నీళ్ళు ఆయన మాత్రం ఎక్కడి నుంచి తెస్తాడు? మిగిలేది ఒక్క మంచినీళ్ళ చెరువు. కాలువ కట్టే ముందు దాన్ని నిండుగా నింపుతారు. ఆ నీళ్ళే రెండు నెలలు ఊరంతా తాగాలి. అందులో కాలు పెట్టనిచ్చేవారు కాదు, చెంబు ముంచినా కడిగి ముంచాలి. అలాంటి చెరువులో ఆయిలు కారే ఇంజను పైపు వేయాలి మేము.

ఆ చెరువుకు అసలు కాపలా చెరువుగట్టు మామ్మ. పంచాయతీ ఆమెకు జీతం ఇవ్వలేదు, ఎవరూ ఆ పని అప్పగించలేదు. గట్టు కిందే ఆమె ఇల్లు, అరుగు మీద కూర్చుంటే మెట్లన్నీ కనిపిస్తాయి. మసి గిన్నెతో మెట్టు దిగిన ఆడపిల్లను పేరు పెట్టి, వాళ్ళ అమ్మమ్మ పేరు కూడా కలిపి తిట్టేది.

మే నెలలో ఒక రోజు, పదకొండు గంటలప్పుడు పట్టా మోగింది. చెరువుగట్టు పేటలో పడమటి కొసన, పొయ్యిలో కొబ్బరి మట్ట పెట్టి ఎవరో పక్కింటికి వెళ్ళారు. మేము బండి తోసుకుంటూ వెళ్ళేసరికి మూడిళ్ళు అంటుకున్నాయి. తాటాకు కాలేటప్పుడు పటపటమంటుంది, మధ్యలో వెదురు కణుపులు టపాకాయల్లా పేలుతాయి. నిప్పు అంటుకున్న ఆకు ముక్కలు గాలిలో లేచి కొంగల్లా తేలుతూ వెళ్ళి ఇంకో కప్పు మీద వాలుతాయి. జనం ట్రంకుపెట్టెలు, మేకలు, రేషను కార్డులు పట్టుకుని బయటకు వస్తున్నారు. బక్కపలచటి ఇల్లాలు ఒకామె రుబ్బురోలు ఎత్తుకుని వీధిలోకి వచ్చి నిలబడింది. కాలే వస్తువులన్నీ లోపల వదిలేసి కాలనిదాన్ని మోసుకొచ్చింది పాపం. సాయంత్రం దాన్ని పక్కకు జరపడానికి ఇద్దరం పట్టాల్సి వచ్చింది.

చెరువు గట్టు మీద ఇంజను ఆపాము. పైపు చేతిలో పట్టుకుని నేను మామ్మ వైపు చూశాను. ఆమె అరుగు దిగి వచ్చి మెట్ల దగ్గర నిలబడి ఉంది. ఇప్పుడు పడతాయి తిట్లు అనుకున్నాను.

"చూస్తావేమిటిరా, దాహం సంగతి రేపు చూసుకుందాం. వేయండి పైపు" అంది.

వేశాము. మామయ్య హ్యాండిలు తిప్పుతున్నాడు, నేను పేడనీళ్ళు పోస్తున్నాను, మూడోసారికి ఇంజను అందుకుంది. నీళ్ళు వచ్చాయి గాని, ముందున్న మూడిళ్ళూ అప్పటికే నిట్రాళ్ళతో సహా పోయాయి. మాస్టారు మంట వైపు చూడలేదు. కొబ్బరి మట్టల వైపు చూశారు. మట్టలన్నీ తూర్పుకు దువ్వినట్లు వంగి ఉన్నాయి. తూర్పున వరసగా ఆరిళ్ళు, ఆ తర్వాత మామ్మ ఇల్లు, దానికి ఆనుకుని పెద్ద పేట. "మధ్యలో ఆరూ దక్కవు. ఏడోది పీకండి" అన్నారు.

ఏడోది మామ్మ ఇల్లు. ఆ వేసవే కొత్తగా తాటాకు వేయించింది. ఇంకా ఆకు రంగు పూర్తిగా మాయలేదు.

గుమ్మంలో చేతులు చాచి నిలబడింది. "నా ఇల్లు కాలలేదుగా! కాలినప్పుడు పీకండి."

"కాలాక పీకడానికి ఏముంటుంది మామ్మా" అన్నాను నేను. ఇప్పుడు తలుచుకుంటే ఆ మాట అంత విసురుగా అనాల్సింది కాదు. టైలరు ఆమె చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళాడు. కొక్కెం కొప్పుకు తగిలించాము. కొత్త కప్పు కదా, తాళ్ళు బిగువుగా ఉన్నాయి, మొదటి లాగుకు రాలేదు. రెండోసారి లాగినప్పుడు ఇల్లంతా మూలిగినట్లు చప్పుడు చేసింది. పది నిమిషాల్లో వాసాలు ఆకాశానికి తేలాయి. లోపల దేవుడి పటం, ఉట్టి, ఉట్టి మీద కుండ, వాటన్నిటి మీదా ఎండ పడింది. ఇంటి లోపల ఎండ పడితే ఎంత చిన్నదిగా కనిపిస్తుందో ఆ రోజే చూశాను.

మొదటి మూడింటితో కలిపి లెక్కేస్తే, నాలుగో ఇల్లు కాలింది, అయిదు కాలింది. ఆరోది, ఏడోది, ఎనిమిదోది అంటుకుని సగం పైన పోయాయి. ఇంకొక్కటి మిగిలింది మామ్మ ఇంటికి. అప్పుడు మట్టలు ఒక్క నిమిషం కదలకుండా నిలబడ్డాయి. తర్వాత మెల్లగా ఉత్తరానికి తిరిగాయి. పైరగాలి. మామూలుగా రెండు దాటాక వచ్చే సముద్రపు గాలి ఆ రోజు పన్నెండున్నరకే వచ్చింది. మంట ఉత్తరానికి మళ్ళింది. అటు కోసేసిన దాళ్వా చేలు. మోళ్ళ మీద కాసేపు పాకి చచ్చిపోయింది. ఫైరింజను వచ్చి మిగిలిన నిప్పులన్నీ తడిపి, మాకు ఒక్కొక్కరికీ చెయ్యి కలిపి వెళ్ళింది.

ఎనిమిదిళ్ళు కాలాయి. ఒక ఇల్లు కాలలేదు, కప్పు లేదు. దాని పక్కది అగ్గి సోకకుండా, ఆకు కూడా రాలకుండా అలాగే ఉంది.

మేము పీకి ఉండకపోతే? గాలి ఎలాగూ తిరిగింది కాబట్టి కాలేది కాదని మామ్మ వాదన. మధ్యలో ఎగిరిన నిప్పురవ్వ ఒక్కటి పడినా పెద్ద పేటంతా పోయేదని మాస్టారి వాదన. నేను ఇద్దరి దగ్గరా తల ఊపాను. మర్నాడు నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్ళ కాగితంలో పూర్తిగా కాలినవి, పాక్షికంగా కాలినవి అని రెండు గళ్ళున్నాయి. పీకేసినవి అని గడి లేదు. మామ్మ పేరు ఎందులోనూ ఎక్కలేదు. బియ్యం, బట్టలు, డబ్బు పక్కిళ్ళ వాళ్ళకు వచ్చాయి. ఆమె అరుగు మీద కూర్చుని ఆ పంపకం అంతా చూసింది.

ఆ రాత్రి పదకొండు మందిమీ వెళ్ళి, వానలు పడేలోగా అయిదు వందల తాటాకు తెచ్చి కప్పిస్తామని మాట ఇచ్చాము. కల్లుగీత అన్న గట్ల మీద తాళ్ళెక్కి కొట్టాడు, మేము మోపులు మోశాము. మూడు వందలు అయ్యేసరికి తొలకరి దిగింది. ఉన్నదాన్ని పలచగా పరిచి పని కానిచ్చాము. "రెండు వందలు బాకీ" అంది మామ్మ. అలాగే మామ్మా అన్నాము. ఆమె నాతో మాట్లాడింది ఆ ఒక్క మాటే. చెరువులో ఆయిలు తెట్టె మాత్రం పది రోజులు తేలింది, ఊరంతా వడకట్టుకుని తాగారు. దాని గురించి ఆమె ఎవరినీ ఒక్క మాట అనలేదు, అననివ్వలేదు.

జూన్‌లో కాలువ వచ్చింది. కాలువ వస్తే మాకు పని ఉండదు. బోదెల్లో పిల్లలు ఈదారు, ఊడ్పులు అయ్యాయి, కొబ్బరి పీచు గుట్ట ఒకటి లోపల్లోపల వారం రోజులు రాజుకుంటే రోజూ వెళ్ళి పారలతో విడదీసి తడిపి వచ్చాము. పీచు మంట కనిపించదు, పొగ వాసన మాత్రం బట్టల్లోంచి పోదు.

నవంబర్ 6, బుధవారం. దీపావళి ఇంకా నాలుగు రోజులు. పొద్దున్నుంచే ముసురు, సాయంత్రానికి ఉత్తరపు గాలి. రాత్రి తొమ్మిది అవుతుంటే ఆ గాలి గాలిలా లేదు, లారీలు వరసగా ఇంటి మీంచి పోతున్నట్లు ఉంది. ఎవరో నేరేడు చెట్టు దగ్గరకు పాకుతూ వెళ్ళి పట్టా కొట్టారట, ఎవరికీ వినపడలేదు. అర్ధరాత్రి దాటాక గాలి దక్షిణానికి తిరిగి, అప్పటిదాకా నిలబడ్డవాటిని అటు నుంచి కొట్టింది. తెల్లారి చూస్తే ఊరికి పైకప్పు లేదు, కొబ్బరి తోటలు దువ్వెన పళ్ళు విరిగినట్లు ఉన్నాయి. నేరేడు చెట్టు కూలింది, పట్టా దాని కింద. కాట్రేనికోన, ఐ. పోలవరం మండలాల సముద్రపు ఒడ్డు పల్లెల సంగతి రెండు రోజులకు గాని తెలియలేదు. ఆ తుపానులో పోయినవాళ్ళు వెయ్యి మందికి పైనే. వేటకు వెళ్ళి తిరిగి రానివాళ్ళు ఎందరో. దాని గురించి నేను ఎక్కువ రాయలేను.

మా పని మాత్రం చెబుతాను. గొడ్డళ్ళు, రంపాలు పట్టుకుని రోడ్డు మీద చెట్లు నరికాము. మొదటి లారీ లోపలికి రావడానికి మాకు రోజున్నర పట్టింది. తర్వాత ఇంజను. మంచినీళ్ళ చెరువు నిండా ఆకులు, చచ్చిన కోళ్ళు, ఎవరిదో తలుపు. నీళ్ళు కంపు. నాలుగు రోజులు రాత్రీ పగలూ తోడాము. దేనికోసం పుట్టిందో ఆ పని దొరికింది కాబట్టి కాబోలు, ఇంజను ఒక్కసారి కూడా మొరాయించలేదు. పేడనీళ్ళు అవసరం పడలేదు.

తోడుతుండగా చెరువుగట్టు మామ్మ వచ్చి గట్టు మీద కూర్చుంది. ఆమె ఇంటి చోట నిట్రాడు ఒక్కటే నిలబడి ఉంది. మేము వేసిన మూడు వందల తాటాకు ఏ ఊరికి ఎగిరిపోయిందో తెలియదు.

"ఈసారి నువ్వు పీకలేదులే" అంది.

నవ్వాలో వద్దో నాకు తెలియలేదు. ఆమే నవ్వింది. ఈసారి జాబితాలో ఆమె పేరు ఎక్కింది.

దీపావళికి ఒక్క టపాకాయ పేలలేదు. గుమ్మాలు లేని ఇళ్ళ ముందు రాళ్ళ మీద ప్రమిదలు పెట్టారు. భోగి నాటికి మాత్రం ఒక విచిత్రం. మామూలుగా పిల్లలు భోగిమంటకు దుంగలు, పాత తలుపులు దొంగిలించుకొస్తారు, పెద్దవాళ్ళు వెంటపడతారు. ఆ ఏడు దొంగిలించాల్సిన పనే లేకపోయింది. ఎటు చూసినా కొబ్బరి మొద్దులే. పిల్లలకు భోగి రుచి తెలియలేదు. మేము పదకొండు మందిమీ తడి గోనెలు పట్టుకుని వీధికొకరం కాపలా ఉన్నాము, ఎందుకంటే ఇళ్ళన్నీ అప్పుడు ప్లాస్టిక్ పట్టాల కింద ఉన్నాయి.

మా పరువు పోయిన సంగతి ఒకటుంది, దాచను. డీజిల్‌కు డబ్బు చాలక ఫిబ్రవరిలో ఇంజనును రెండు మైళ్ళ దూరంలో ఒక రొయ్యల చెరువుకు అద్దెకిచ్చాము. నాలుగో రోజే గడ్డిమేటు అంటుకుంది. పట్టా మోగింది, పది మంది వచ్చారు, బండి మాత్రం లేదు. రైతు ఏమీ అనకుండా మా వైపు చూస్తూ నిలబడ్డాడు. బిందెలతో పోసి, పంగల కర్రలతో లాగి సగం మేటు మిగిల్చాము. పశువులున్నవాళ్ళకు తెలుస్తుంది సగం మేటు అంటే ఏమిటో.

ఈశ్వర ఉగాదికి టైలరు కువైట్ వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి ఒక్కొక్కరమే. నాకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. 1999లో దీపం పథకం వచ్చి పేటల్లోకి గ్యాసు పొయ్యిలు రావడం, తాటాకిళ్ళ చోట డాబాలు లేవడం మొదలైంది. పట్టా మోగడం ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు. ఇంజను పాత ఇనుముకు వెళ్ళింది.

నాలుగేళ్ళ క్రితం ఊరెళ్ళినప్పుడు చెరువుగట్టుకు వెళ్ళాను. మామ్మకు తొంభై దగ్గర పడి ఉంటాయి. డాబా ఇల్లు, పైన నీళ్ళ ట్యాంకు, అరుగు మాత్రం పాతదే. కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని పోల్చుకుంది.

"వచ్చావా? నా రెండు వందల తాటాకు ఏదిరా?"

"డాబాకు తాటాకు ఎందుకు మామ్మా?"

"ఎందుకైతే నీకెందుకు? బాకీ బాకీయే."

పెరట్లో మునగచెట్టుకు ఒక పొడవాటి వెదురు ఆనించి ఉంది. చివర ఇనుప వంకె. నేను గుర్తుపట్టానని ఆమెకు తెలిసిపోయింది. "తాకట్టు పెట్టుకున్నాను" అంది. మనవడి చేత దానితోనే అరడజను మునక్కాయలు కోయించి కాగితంలో చుట్టి ఇచ్చింది. ఇవి వేరే ఖాతా అని కూడా చెప్పింది.